అతుకుల బొంత

పని కుదురుగా లేకపోయినా, మాటకు మాట అతకకపోయినా "అతుకుల బొంతలా ఉంది" అంటాం. ముప్పై ఏళ్ళు బడిలో పిల్లల వ్యాసాలు దిద్దుతూ నేను ఆ మాట ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. ఇకమీదట ఆ మాట వెక్కిరింపుగా అనకూడదని దూరదేశంలో ఒక నది ఒడ్డున నిర్ణయించుకున్నాను. ఆ సంగతి మీతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మా అమ్మాయి, అల్లుడు అమెరికాలో అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో ఉంటారు. ప్రభువు కృపవల్ల వాళ్ళ దగ్గర కొన్ని నెలలు గడిపే భాగ్యం కలిగింది. "అమ్మా, నయాగరా చూస్తావా, న్యూయార్కు చూస్తావా?" అని అడిగింది అమ్మాయి. "బొంతలు కుట్టే ఊరు ఒకటుందని చెప్పావుగా, అది చూపించు తల్లీ" అన్నాను. ఇంత దూరం వచ్చి బొంతలు చూస్తాననేసరికి అల్లుడుగారు నవ్వారు. అయినా తీసుకువెళ్ళారు.

నది వంపులో ఊరు

అక్టోబరు నెలలో ఒకరోజు తెల్లవారే బయలుదేరాం. దారి పొడవునా పైన్ చెట్లు, పచ్చిక బీళ్ళు, అక్కడక్కడ తెల్లగా పగిలిన పత్తిచేలు. పల్నాడులో పుట్టినదాన్ని, పత్తిచేను కనబడితే కళ్ళు అటే పోతాయి. సెల్మా పట్టణం చేరి అలబామా నదిమీది పెద్ద వంతెన దాటాం. 1965 మార్చి 7న ఓటుహక్కు కోసం నడిచి వస్తున్న నల్లజాతివారిని పోలీసులు ఈ వంతెన దిగే చోటే లాఠీలతో కొట్టారు. అల్లుడుగారు కారు పక్కన ఆపారు. కాసేపు అక్కడ మౌనంగా నిలబడ్డాం.

అక్కడినుండి క్యామ్‌డెన్ అనే చిన్న పట్టణానికి వెళ్ళి, కారుతో సహా బల్లకట్టు ఎక్కాం. మన కృష్ణమీది బల్లకట్టులాంటిదే గాని, ఇది విద్యుత్తుతో నడిచేది. చప్పుడు లేదు, పొగ లేదు. నీళ్ళు ఆకుపచ్చగా, నిదానంగా ఉన్నాయి. అవతలి ఒడ్డు గీస్ బెండ్. బెండ్ అంటే వంపు. నది మూడు వైపులా చుట్టుకోవడంవల్ల ఆ పేరు వచ్చింది. ప్రభుత్వ లెక్కల్లో ఊరిపేరు బోయ్‌కిన్. కొన్ని వందలమంది మాత్రమే ఉండే పల్లె. ఒక ఇంటికీ మరో ఇంటికీ మధ్య చాలా దూరం. మధ్యలో చెట్లు, చర్చీలు. రోడ్డు పక్కన అక్కడక్కడ పెద్ద పలకలమీద ఆ ఊరి బొంతల నమూనాలు రంగులతో చిత్రించి నిలబెట్టారు.

ఈ ఊరి కథ కష్టాల కథ. 1816లో జోసెఫ్ గీ అనే భూస్వామి ఇక్కడికి వచ్చి బానిసలతో పత్తి సేద్యం మొదలుపెట్టాడు. 1845లో ఆ భూమి మార్క్ పెట్‌వే చేతికి వచ్చింది. ఆయన సుమారు వందమంది బానిసలను నార్త్ కరోలినా నుండి కాలినడకన ఇక్కడికి తెచ్చాడు. ఆ ఊళ్ళో నేటికీ చాలామంది ఇంటిపేరు పెట్‌వేయే. అది తమ యజమాని పేరు. బానిసత్వం పోయాక కూడా వాళ్ళు అదే నేలమీద కౌలుదారులుగా, అప్పులతో మిగిలిపోయారు. 1932లో అప్పులిచ్చే క్యామ్‌డెన్ వ్యాపారి చనిపోతే ఆయన తరఫువాళ్ళు వచ్చి బాకీ కింద గొడ్లూ, నాగళ్ళూ, కోళ్ళూ, తిండిగింజలూ అన్నీ తోలుకుపోయారు, మోసుకుపోయారు. ఆ చలికాలం రెడ్‌క్రాసు సాయం వచ్చిందాకా జనం ఆకలితో అల్లాడారు. తర్వాత ప్రభుత్వమే ఆ భూమిని కొని, ఇళ్ళు కట్టించి, మెల్లగా వాళ్ళకే అమ్మింది.

1965 ఫిబ్రవరిలో మార్టిన్ లూథర్ కింగ్‌గారు ఈ ఊరి బాప్టిస్టు చర్చిలో ప్రసంగించారు. ఆ రోజుల్లో ఇక్కడివాళ్ళు ఓటరు జాబితాలో చేరాలంటే నది దాటి క్యామ్‌డెన్ వెళ్ళాలి. అయితే 1962లోనే బల్లకట్టు ఆగిపోయింది. ఎదురుగా కనబడే పట్టణానికి చుట్టూ తిరిగి సుమారు 40 మైళ్ళు వెళ్ళవలసి వచ్చింది. తమను ఓటుకు రానివ్వకుండా చేయడానికే దాన్ని ఆపారని ఊరివాళ్ళు చెబుతారు. బల్లకట్టు మళ్ళీ నడిచింది 2006లో. నలభైనాలుగేళ్ళ తర్వాత! మేము పావుగంటలో దాటిన నీళ్ళు అవి.

చలికి కుట్టిన బొంతలు

ఊళ్ళో బొంతలు కుట్టే గదికి వెళ్ళాం. పెద్ద చట్రంమీద బిగించిన బొంత, దాని చుట్టూ కుర్చీలు. ఒక పెద్దావిడ సూది పక్కన పెట్టి మమ్మల్ని పలకరించింది. ముందుగా నా నేతచీర కొంగు పట్టుకుని చూసింది. "ఇది పాతదైతే ఏం చేస్తారు?" అని అడిగింది. అమ్మాయి తెలుగులో చెప్పింది. "నాలుగు చీరలు ఒకదానిమీద ఒకటి పరిచి బొంత కుడతాం" అన్నాను. ఆవిడ పెద్దగా నవ్వి పక్క కుర్చీ చూపించింది. "అయితే నువ్వూ మా పనిదానివే, కూర్చో" అంది.

ఆవిడ చెప్పినదాన్నిబట్టి, వాళ్ళ తల్లుల కాలంలో బొంత అలంకారం కాదు. చెక్క ఇళ్ళ సందుల్లోంచి గాలి కోసేది. గోడలకు వార్తాపత్రికలు అంటించుకునేవారు. పిల్లలు ఒకే పరుపుమీద రెండు మూడు బొంతల కింద ముడుచుకునేవారు. కొత్తగుడ్డ కొనే శక్తి లేదు. చిరిగిన జీన్సు ప్యాంట్లు, పని చొక్కాలు, గౌన్లు, పిండి సంచులు, దాణా సంచులు, ఇవే వారి సరుకు. మధ్యలో పరచడానికి చేలో మిగిలిన పత్తినో, జిన్నింగు మిల్లులో ఊడ్చిన పత్తినో కర్రలతో కొట్టి మెత్తచేసేవారు. పైగుడ్డ ఎవరికి వారు ఇంట్లో అతుక్కునేవారు. మూడు పొరలు కలిపి కుట్టేటప్పుడు మాత్రం ఇరుగుపొరుగు స్త్రీలందరూ చట్రం చుట్టూ చేరేవారు. కుడుతూ పాడేవారు, ప్రార్థించేవారు. బొంత మరీ చివికిపోతే దోమలకు పొగవేయడానికి కాల్చేవారు. ఎంత గొప్ప పనితనం ఆ పొగలో పోయిందో!

1966లో ఫ్రాన్సిస్ వాల్టర్ అనే ఎపిస్కోపల్ గురువుగారి సాయంతో ఆ ప్రాంతపు స్త్రీలు ఒక సహకార సంఘం పెట్టుకున్నారు. దాని పేరు ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ. ఓటు కోసం పేరు రాయించుకున్నందుకు భూమి నుండి, పని నుండి వెళ్ళగొట్టబడిన కుటుంబాలకు అది ఆధారమైంది. పెద్ద దుకాణాలకు కార్డురాయ్ దిండుగలీబులు కుట్టి ఇచ్చి, మిగిలిన ముక్కలతో తమ ఇంటికి బొంతలు కుట్టుకున్నారు.

2002లో ఈ ఊరి బొంతలను హ్యూస్టన్, న్యూయార్కు నగరాల్లోని పెద్ద కళామందిరాల్లో గోడలకు వేలాడదీశారు. జనం విరగబడి చూశారు. 2006లో అమెరికా తపాలాశాఖ పది బొంతల బొమ్మలతో తపాలాబిళ్ళలు వేసింది. 2015లో మేరీ లీ బెండాల్ఫ్, లూసీ మింగో, లొరెట్టా పెట్‌వే అనే ముగ్గురికి జానపద కళల్లో జాతీయ గౌరవం దక్కింది. పేరు వచ్చినంతగా డబ్బు చేతికి రాలేదని కొందరు కోర్టుకు కూడా వెళ్ళారు. 2008లో ఆ వ్యాజ్యాలు రాజీతో ముగిశాయి. పేదవాడి పనికి పేరు పెట్టేవారు వేరు, ధర కట్టేవారు వేరు. ఇది మన ఊళ్ళలో మాత్రం ఎరగనిదా?

ఒక భార్య కుట్టిన బొంత

ఆవిడ ఒక పెద్ద పుస్తకం తెరిచి ఒక బొంత బొమ్మ చూపించింది. 1942లో మిస్సోరీ పెట్‌వే అనే ఆమె కుట్టింది. వెలిసిన నీలం, బూడిద రంగు, తెలుపు, గోధుమరంగు ముక్కలు. పువ్వు లేదు, లత లేదు. అవి చనిపోయిన ఆమె భర్త పొలం బట్టలు. ఆయన ప్యాంట్ల కాళ్ళు, చొక్కాల వీపులు విప్పదీసి అతికింది. ఆయన జ్ఞాపకంగా ఉంటుంది, ప్రేమగా కప్పుకోవచ్చు అని ఆమె అనుకున్నదట. ఆ సంగతి తల్లికి సాయంచేసిన కూతురు ఆర్లోంజియా తర్వాత లోకానికి చెప్పింది.

నాకు మాట పెగల్లేదు. అమ్మాయి "ఏమైందమ్మా?" అంది. అప్పటిదాకా ఎవరికీ చెప్పని విషయం అక్కడే చెప్పాను.

నేను ఎనిమిదో తరగతిలో హాస్టలుకు వెళ్ళాను. అంతకుముందు ఏడే మా నాన్న జ్వరంతో చనిపోయారు. అమ్మ మిరపకాయల కోతకు, కలుపుకు వెళ్ళి మమ్మల్ని పోషించేది. హాస్టలుకు దుప్పటి తీసుకురావాలన్నారు. అమ్మ నాలుగు రాత్రులు దీపం దగ్గర కూర్చుని ఒక బొంత కుట్టింది. అడుగున తన చీరలు. పైన నాన్న పంచెలు, చారల చొక్కా, భుజంమీద వేసుకునే ఎర్ర తువ్వాలు. ఆ తువ్వాలు ముక్క సరిగ్గా తల దగ్గరకు వచ్చేలా పెట్టింది. హాస్టలులో పిల్లలు దాన్ని చూసి "అతుకుల బొంత వచ్చిందే" అని నవ్వారు. వారం తిరక్కుండా దాన్ని బావిగట్టు మీద వదిలేసి వచ్చాను. ఎవరు తీసుకున్నారో తెలియదు. సెలవులకు వెళ్ళినప్పుడు పోయిందని అబద్ధం చెప్పాను. "పోతే పోయిందిలేమ్మా, నీకు చలి వెయ్యకుండా ఉంటే చాలు" అంది అమ్మ. కూలిడబ్బులు కూడబెట్టి ఒక రగ్గు కొనిపెట్టింది. తను బతికినంతకాలం ఆ బొంత మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

అమ్మాయి ఇది ఇంగ్లీషులో చెబుతుంటే ఆ పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని వింది. ఓదార్చే మాటలేవీ చెప్పలేదు. కాసేపయ్యాక సూదిలో దారం ఎక్కించి నా చేతికిచ్చింది. ఆ బొంతమీద ఒక జానెడు మేర నేనూ కుట్టాను.

మన ఇంట్లో కుట్టాలంటే

ఆ ఊళ్ళో ఎక్కువగా కుట్టే నమూనాను "ఇంటికప్పు" అంటారు. మన సోదరీలు సులువుగా కుట్టుకోవచ్చు. పాత నూలుబట్టలు ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసుకోండి. రంగు దిగే గుడ్డను ముందే విడిగా నానబెట్టి చూడండి. నాలుగంగుళాల చదరపు ముక్క మధ్యలో పెట్టుకోండి. రెండంగుళాల వెడల్పు పట్టీలు చింపుకుని, మొదటి పట్టీ ఒక వైపు కుట్టండి. ముక్కను తిప్పి, కుట్టిన పట్టీ అంచుతో సహా కలుపుతూ రెండో వైపు మరో పట్టీ కుట్టండి. అలా తిప్పుకుంటూ పోతే చదరం చుట్టూ చదరం పెరుగుతుంది. కావలసినంత పెద్దదైతే దిండుమీదికో, బల్లమీదికో సరిపోతుంది. అలాంటివి వరుసలుగా కలిపితే బొంత పైగుడ్డ అవుతుంది. దాని కింద పాత దుప్పటి, అడుగున నేతచీర పరిచి, ముడతలు పడకుండా నడుమనుండి అంచులకు పెద్ద కుట్లు వేసుకోండి. తర్వాత రెండు వేళ్ళ ఎడంతో వరుసగా సన్నకుట్టు వేసుకుంటూ పోవడమే. మిగిలిన పేలికలు కూడా పారేయనక్కరలేదు. నక్షత్రం ఆకారంలో రెండు ముక్కలు కత్తిరించి, అంచులు కుట్టి, లోపల పత్తి కూరితే క్రిస్మస్‌కు గుమ్మానికి కట్టుకునే నక్షత్రం అవుతుంది.

బొంత కుట్టేటప్పుడు తొందర పనికిరాదు. నలుగురు కూర్చుంటే ఇంకా మంచిది. యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు పేతురుకు చూపించింది ఆమె కుట్టి ఇచ్చిన బట్టలనే. ఆమె ఎలాంటిదో చెప్పడానికి వాళ్ళ దగ్గర ఉన్న సాక్ష్యం అదే.

ఇండియాకు తిరిగి వచ్చాక ట్రంకుపెట్టె తెరిచాను. అమ్మవి రెండు చీరలు మిగిలాయి. ఒకటి ఆకుపచ్చది, ఒకటి కాఫీరంగుది. కత్తెర పెట్టడానికి మనసొప్పక రెండు రోజులు మంచంమీదే ఉంచాను. మూడోరోజు మా అబ్బాయి కూతురు వచ్చి "నానమ్మా, ఇవెవరివి?" అని అడిగింది. కూర్చోబెట్టి చెప్పాను, బావిగట్టు సంగతితో సహా. ఇప్పుడు సెలవురోజుల్లో ఇద్దరం కలిసి కుడుతున్నాం. దాని కుట్లు వంకరగా పడుతున్నాయి. విప్పదీయడం లేదు.

పాతబట్టలకు స్టీలుగిన్నెలిచ్చే మనిషి మీ వీధికి వచ్చినప్పుడు, మూట ఇచ్చేముందు ఒక్కసారి విప్పి చూడండి. అమ్మ చీరో, నాన్న తువ్వాలో ఉంటే తీసి పక్కన పెట్టండి.