కృష్ణుడి వేషం కట్టిన వైనం

మా బరంపురంలో రెండేళ్లకోసారి ఠాకురాణి జాతర వస్తుంది. మన పత్రిక చదివేవాళ్లలో బెంగుళూరువాళ్లూ, చెన్నపట్నంవాళ్లూ, యానాంవాళ్లూ వున్నారు గనక ఒక్క ముక్క చెప్పి ముందుకు వెళ్తాను. అమ్మవారు గుడి విడిచి, దేశీ బెహరా వీధిలో వేసిన పందిట్లోకి పుట్టింటికి వచ్చినట్టు వచ్చి కూచుంటుంది. ఆ పుట్టింటివారు తెలుగు మాట్లాడే నేతవారు. 1936లో గంజాం జిల్లాలో మా వైపు భాగం మద్రాసు రాజధానిలోంచి వెళ్లి ఒరిస్సాలో కలిసింది గాని, అమ్మవారి పుట్టిల్లు మాత్రం మారలేదు. రాత్రిళ్లు ఘటాలు తిరుగుతాయి. మొక్కున్నవాళ్లు వేషాలు కడతారు. పులివేషాలు సరేసరి, శివుడూ, రాముడూ, కృష్ణుడూ కూడా వీధుల్లో యెదురవుతూ వుంటారు.

మా మనవడికి యేడేళ్లు. వాడికి టైఫాయిడ్ వచ్చి పదిహేను రోజులు మంచం పట్టినప్పుడు, తగ్గితే కృష్ణుడి వేషం కట్టిస్తానని మా కోడలు మొక్కుకుంది. మా కోడలు ఒడియా పిల్ల. తెలుగు మా యింటికొచ్చేకే నేర్చుకుంది. మొక్కుకున్న సంగతి ముందు నాతోనే చెప్పింది. "అత్తయ్యా, వేషం మీరే కట్టాలి" అంది.

నేను వెంటనే సరేననలేదు. బజార్లో అద్దెకి దొరుకుతాయి కదా అన్నాను. "అవి వందమంది వేసుకున్నవి, వాడు ఇప్పుడే లేచేడు" అంది. నిజమే. కాని నా సంకోచానికి కారణం వేరే వుంది. అది ఆవిడకి తెలీదు.

నలభై యేళ్ల కిందట ఇదే జాతరలో మా అబ్బాయికి, అంటే ఈ పిల్లాడి తండ్రికి, నేను కృష్ణుడి వేషం కట్టేను. అప్పుడు వాడికి ఆరో యేడు. నాకు కుట్టుపనిలో పేరుండేది. ఆ పేరు నిలబెట్టుకోవాలన్న యావ కూడా వుండేది. మా అమ్మ నాకిచ్చిన పసుపుపచ్చ బరంపురం పట్టుచీర, యెర్ర అంచుది, దాన్ని మడతలు పెట్టి పంచె కట్టేను. పైన మఖమలు కోటు, నడుముకి దట్టీ, భుజాన వుత్తరీయం, మీద భుజకీర్తులు. పిల్లాడు నాలుగడుగులు వేసేసరికి పంచె ఒకవైపు, దట్టీ మరోవైపు. పిన్నీసులు పెడితే పట్టు జారిపోయి చిల్లు సాగుతుంది. విసుగొచ్చి సూదీ దారం తీసేను. వాణ్ణి స్టూలు మీద నిలబెట్టి, ఒంటి మీదే కుట్టేసేను. బనీనుకి పంచె, పంచెకి కోటు, కోటుకి వుత్తరీయం, అన్నిటినీ కలిపి దట్టీ. రెండు పేటల దారంతో కుట్టేను. మా అత్తగారు చూసి, "ఒంటిమీద వున్న గుడ్డ కుట్టకూడదే" అన్నారు. పాతకాలపు మాటలనుకున్నాను.

చూడ్డానికి మాత్రం బొమ్మలా వున్నాడు. వీధిలో అందరూ ఆగి చూసేరు. గంట గడిచేసరికి వాడి మొహం పాలిపోయింది. మంచినీళ్లడిగి, తాగి, కక్కుకున్నాడు. కళ్లు తేలేసేడు. విప్పుదామంటే యెక్కణ్ణుంచి విప్పను? కుట్టు మొదలెక్కడో నాకే తెలీలేదు. పులివేషం వేసినాయన ఒకాయన వాణ్ణి యెత్తుకుని అరుగు మీద నీడలో పడుకోబెట్టేడు. పక్కనున్న దర్జీ కత్తెర పట్టుకొచ్చి, గొంతు దగ్గర్నుంచి బొడ్డు దాకా అన్నీ ఒక్కసారే కోసేసేడు. కోటూ, దట్టీ, మా అమ్మ చీరా. గాలి తగిలేక పిల్లాడు కళ్లు విప్పేడు. ఆ పులిరంగు కొంత వాడి ఒంటికి అంటుకుని, రెండు రోజులు పోలేదు.

ఆ చీరని మూటకట్టి పెట్టె అడుగున పడేసేను. దాన్ని గురించి మా యింట్లో యెవరూ మాట్లాడలేదు. మా అబ్బాయి కూడా.

ఇంతకీ కోడలికి ఈ సంగతి చెప్పేసేను. చెప్పకుండా సూది పట్టుకోవడం తప్పనిపించింది. ఆవిడ అంతా విని, ఒకే ప్రశ్న వేసింది. "అయితే ఈసారి విప్పడానికి యెంతసేపు పడుతుందో ముందు చూసుకుందాం అత్తయ్యా." ఇన్నేళ్లు కుట్టుపని చేసేను గాని, విప్పడం లెక్కలోకి తీసుకుని మొదలుపెట్టడం నాకెప్పుడూ తోచలేదు.

మూట విప్పి అదే చీర తీసేను. ఒకసారి కత్తెర పడ్డదే గనక ఇంకోసారి పడ్డా దిగులు లేదు. బాగున్న భాగం పంచెకి, కోసిన ముక్క దట్టీకి సరిపోయింది.

పనిలో నాకు తెలిసొచ్చిన మొదటి సంగతి, ఒక పొరని ఇంకో పొరకి కుట్టకూడదు. అన్నిటికీ ఒకే ఆధారం వుండాలి. రెండంగుళాల వెడల్పు నూలుపట్టీ ఒకటి నడుముకి, బనీను మీద కట్టేను. పంచె దానికే, దట్టీ దానికే, వడ్డాణం దానికే. ఒకటి జారినా రెండోదాన్ని లాగదు. ఆ పట్టీకి ముందు బొడ్డు దగ్గర యెర్రదారంతో, వెనక వెన్నుపూస దగ్గర నల్లదారంతో గుర్తులు కుట్టేను. తక్కినవాటన్నిటికీ అవే గుర్తులు. గుర్తు మీద గుర్తు పడితే చాలు, అద్దంలో చూసుకుని అటూ ఇటూ లాగే పని వుండదు. నడుం కొలత మాత్రం అన్నం తిన్నాక తియ్యాలి. ఈ మాట నవ్వులాటకి కాదు. ఉదయం ఖాళీ కడుపు మీద తీసిన కొలతకి, మధ్యాహ్నం భోజనమయ్యేక పట్టీ కొస అంగుళం దూరంలో ఆగిపోయింది.

పంచె దగ్గర చాలా అవస్థపడ్డాను. చీర పన్నా పిల్లాడి కాళ్లకి రెట్టింపు. మధ్యకి మడిస్తే రెండు అంచులూ కిందకి వస్తాయి. రెండూ సరిగ్గా ఒకదాని మీద ఒకటి పడాలి, లేకపోతే పై అంచు వేలెడు పైకి వుండాలి. మధ్యరకంగా వుంటే అంత వికారం మరోటి లేదు. వేలెడు పైకే పెట్టేను, రెండు యెర్ర అంచులు మెట్లలా కనబడ్డాయి. కాని పట్టు మీద పట్టు నిలవదు. నాలుగడుగులకే లోపలి పొర దిగజారింది. మడత లోపల, పైన అంతా నూలుగుడ్డ పేలిక పెట్టి కుట్టేసరికి నిలిచింది. కుచ్చిళ్లకి బట్టలారేసే క్లిప్పులు వాడేను. పైనొకటి, కిందొకటి. అంచు గీత ప్రతి కుచ్చిలిలోనూ ఒకే యెత్తున వచ్చేదాకా సర్ది, అప్పుడు పొడుగు టాకాలు వేసేను. కుట్లన్నీ గుడ్డ బల్ల మీద వుండగానే. ఒంటి మీద మాత్రం ఒక్క సూదిపోటు కూడా వెయ్యలేదు.

కోడలు వెల్క్రో తెచ్చింది. బాగానే వుంటుంది గాని, దాని గరుకువైపు పట్టుకి తగిలితే పోగులు లేస్తాయి. పైగా మా వాడికి దాని చప్పుడు నచ్చి, పది నిమిషాలకోసారి చర్రుమని లాగడం మొదలుపెట్టేడు. అంచేత కోటుకి వెనకవైపు నాలుగు టిచ్ బటన్లు పెట్టేను. గుంజితే వూడొస్తాయి, వూరికే వూడిరావు.

వుత్తరీయం మరో పాఠం చెప్పింది. భుజం దగ్గరా, నడుం దగ్గరా రెండు చోట్లా పట్టించేను. వాడు వేణువు పట్టుకోవడానికి చేతులెత్తేసరికి దట్టీ, పంచె అన్నీ పైకి లేచేయి. అయితే భుజం దగ్గర ఒక్క బటనే చాలు, కింది కొస వేలాడనియ్యాలి. వేషం కట్టేక పిల్లాణ్ణి బొమ్మలా నిలబెట్టి చూసుకుంటే లాభం లేదు. చేతులెత్తించాలి, గొంతుక్కూచోబెట్టాలి, మెట్లెక్కించాలి, ఒంటేలుకి కూడా పంపాలి. పూర్వం నేను చూసింది నిలబడ్డ కృష్ణుణ్ణి మాత్రమే.

భుజకీర్తులు అట్టవి. బంగారు కాగితం అంటించినవి. బరువు లేకపోయినా ముందుకి వాలుతాయి. చంకల కింద నుంచి ఎలాస్టిక్ వేస్తే ఆగేయి. కిరీటం లోపల మెత్తటి నూలుగుడ్డ చుట్ట పెట్టేను. ఇవి చెప్పుకోదగ్గ పనులు కావు.

అన్నీ అయ్యేక, దారానికి తాళంచెవి కట్టి వాడి గొంతు గుంట దగ్గర్నుంచి వేలాడదీసేను. దారం హారం పతకం మీంచి, వడ్డాణం మధ్య రాయి మీంచి, నడిమి కుచ్చిలి మీదికి దిగాలి. వడ్డాణం అరంగుళం యెడమకి వుంది. కంటికి తెలీలేదు, దారానికి తెలిసింది. సర్దేను.

ఇక ముడి. పట్టీని వెనక జారుముడి వేసి, కొసని మడత లోపలికి తోసి, అది జనంలో యెవరి చేతికీ చిక్కకుండా ఒక టిచ్ బటన్ పెట్టేను. కొస లాగితే నడుం కిందవన్నీ ఒక్కసారే జారాలి. మా కోడలు గడియారం దగ్గర పెట్టుకుని మూడు రాత్రులు విప్పడం సాధన చేసింది. మొదట మూడు నిమిషాలు పట్టింది. చివరికి నిమిషం లోపల. పిల్లాడికి ఇదొక ఆట, "మళ్లీ కట్టు మామ్మా" అంటూ స్టూలెక్కేవాడు. మా అబ్బాయి గుమ్మంలో నిలబడి చూసేవాడు గాని లోపలికి రాలేదు.

మొక్కు రోజున యెండ తగ్గేకే బయల్దేరేం. మంచినీళ్ల సీసా, గొడుగు, నా సంచిలో కత్తెర కూడా పెట్టుకున్నాను. వీధిలో మా వాడి వేషం చూసి మునుపటిలా ఆగినవాళ్లు తక్కువే. నిజం చెప్పాలంటే ఆనాటి వేషమే దీనికంటే బిగువుగా, అందంగా వుంది. ఇందులో వుత్తరీయం కొస కొంచెం అల్లల్లాడుతూ వుండేది. ఆ సంగతి నా కంటికి తప్ప మరెవరికీ పట్టలేదనుకుంటాను.

అమ్మవారి పందిరి దగ్గర దణ్ణం పెట్టించి తిరిగొస్తూంటే, వాడు తండ్రి చెయ్యి పట్టుకుని, "నాన్నా, వుక్కగా వుంది" అన్నాడు. అంతే అన్నాడు. వాడి మొహం బాగానే వుంది. నేను కోడలి వైపు చూసేను. ఆవిడ కదిలేలోగా మా అబ్బాయి పిల్లాణ్ణి యెత్తుకుని, పక్కింటి అరుగెక్కి నిలబెట్టేడు. బటను వూడదీసేడు. కొస లాగేడు. పంచె, దట్టీ, వడ్డాణం కుప్పగా కాళ్ల దగ్గర పడ్డాయి. కోటు వెనక నాలుగు బటన్లు పట్ పట్ మని వూడేయి. పిల్లాడు బనీను, చెడ్డీతో, నెత్తిన కిరీటంతో నిలబడి నవ్వుతున్నాడు. వాడు సాధన చేసింది యెప్పుడో నాకు తెలీదు. ఆ మూడు రాత్రులూ గుమ్మంలోంచి చూసే నేర్చుకున్నాడు కాబోలు.

"నీ సంచిలో కత్తెరుంది కదూ అమ్మా?" అన్నాడు నా వైపు తిరక్కుండానే.

వుందన్నాను.

చీరముక్కని దులిపి, అంచు మీద అంచు పెట్టి మడిచి, నా చేతికిచ్చేడు.