పేరు పోయిన కంఠములు

మన పాఠశాల విద్యార్థులు రెండు సంవత్సరములుగా ఇంటింటికి తిరిగి, యానాము పెద్దల మాటలను ఫోనులలో రికార్డు చేసి తెచ్చుచున్నారు. 1954 జూను 13వ తేదీన ఫ్రెంచివారి పాలన తొలగుటను బాల్యమున చూచినవారు, 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుపానులో ఇల్లు వాకిలి పోగొట్టుకొన్నవారు తమ నోట చెప్పిన సంగతులవి. పుదుచ్చేరి పాలనలోని ప్రాంతమంతటిలో తెలుగువారము కొద్దిమందిమి. మన పెద్దల పలుకును మనము దాచుకొననిచో మరియొకరు దాచుదురని తలంపరాదు. ఆ రికార్డులన్నియు ఒక హార్డు డిస్కులో చేర్చబడినవి. మొదటి సంవత్సరపు వాటికి వేరొక ప్రతి యున్నది. రెండవ సంవత్సరపు 31 రికార్డులకు ప్రతి తీయుచుండగనే డిస్కు చెడెను.

కంప్యూటరునకు తగిలించినచో దాని పేరు కనబడును. తెరువబోయినచో గంటసేపైనను కదలదు. నలుగురు నాలుగు వైద్యములు చెప్పిరి. ఒకరు సంచిలో చుట్టి ఫ్రిజ్జులో పెట్టుమనిరి. ఒక దుకాణమువారు మూత విప్పి చూతుమనిరి. రెండును ప్రమాదములే. 1956లో ఐ.బి.ఎం. సంస్థ వెలువరించిన తొలి డిస్కు యంత్రములో రెండడుగుల వెడల్పు గల పళ్లెములు 50 ఉండెడివి. అన్నియు కలిసి 50 లక్షల అక్షరములు మాత్రమే పట్టెడివి. నేడు అరచేత నిముడు డిస్కులోను అట్టి పళ్లెములే, మిక్కిలి చిన్నవి, నిమిషమునకు 5,400 మార్లు తిరుగుచుండును. వాటిపై గ్రామఫోను ముల్లువంటి చిన్న సాధనము తగులక తేలుచుండును. ఆ ఎడము తలవెండ్రుక మందములో వేయవవంతుకన్నను తక్కువ. అట్టి చోట ధూళికణమే బండరాయి. ఇక మన సముద్రతీరపు గాలిలో, ఫ్రిజ్జునుండి తీసిన వస్తువునకు చెమ్మ పట్టకుండునా!

కాకినాడలో ఇంజనీరింగు చదువుచున్న మన పూర్వవిద్యార్థి యొకడు వచ్చి, చెడిన డిస్కును పదేపదే తెరువరాదనియు, దానిపై ఏమియు వ్రాయక ముందుగా మొత్తమును కొత్త డిస్కునకు నకలు తీయవలెననియు చెప్పెను. ఇందులకు డీడీరెస్క్యూ అను ఉచిత సాధనము కలదు. వచ్చిన ప్రశ్నలు ముందు వ్రాసి, రానివాటికి తుదను వచ్చు తెలివిగల విద్యార్థివలె, అది చదువ వీలైన భాగములను మొదట గ్రహించి, చెడిన చోట్లను పిమ్మట మరల మరల ప్రయత్నించును. మూడు దినములు పట్టెను. నడుమ రెండుసారులు కరెంటు పోయినను, ఎంతవరకు జరిగినదో అది వ్రాసియుంచుకొనును గనుక మొదటికి రాలేదు.

అయితే చెడిన భాగములోనే విషయసూచిక యుండెను. దారము తెగిన తాళపత్రగ్రంథమును తలంచుకొనుడు. ఆకులున్నవి, ఏది ఏ గ్రంథమునదో తెలియదు. ఇచ్చట ఫొటోరెక్ అను మరియొక సాధనము ఉపకరించెను. దానిని రచించినవాడు క్రిస్టోఫ్ గ్రెనియే అను ఫ్రెంచివాడు. (యానామువారికి ఈ మాట వినగా చిరునవ్వు రాక మానదు.) ఫైలు ఆరంభమున నుండు గుర్తులను బట్టి ఇది చిత్రము, ఇది శబ్దము అని అది పోల్చును, పేరును మాత్రము తిరిగి ఈయజాలదు. 31 రికార్డులలో 28 వచ్చినవి, అన్నిటికిని పేరులు పోయి అంకెలు మిగిలినవి.

ఆ పేరులు పెట్టుట పిల్లల పని యయ్యెను. గ్రంథాలయములో గుమిగూడి రెండు శనివారములు వినిరి. వెనుక కూసిన కోడినిబట్టి ఒకరి ఇల్లు, "మా కనకాలపేట" అన్న మాటనుబట్టి ఒకరి ఊరు తెలిసినవి. తొమ్మిదవ తరగతి బాలిక యొకతె, మాట మొదలుకాకముందు వినబడిన దగ్గుచేతనే తన నాయనమ్మను గుర్తుపట్టెను. ఆ వృద్ధురాలు ఈ వానకాలమున కాలము చేసినది. తుపాను రాత్రి పిల్లలను అటకమీదికి ఎక్కించిన సంగతి చెప్పుచు, "నేను మటుకు కిందనే" అనుచుండగా శబ్దము ఆగిపోయెను. తరువాతి భాగము చెడినచోట నున్నది. బాలిక దానిని మూడుమారులు విని, తన తండ్రి ఫోనునకు పంపుకొనెను. ఆ తరువాత ఏమి జరిగెనో తండ్రికి తెలిసియుండును. అతడు చెప్పినచో దానిని పక్కన చేర్చుదుము.

ఇరువదినాలుగింటికి పేరులు కుదిరినవి. నాలుగింటిని రికార్డు చేసినవారు పదవ తరగతి ముగించి వెళ్లిరి. ఆ కంఠములు ఎవరివో ఇంకను తెలియలేదు. అందొకరు దరియాలతిప్పవైపు వలవేయుటనుగూర్చి చెప్పు వృద్ధుడు. మాటమాటకు "ఏటంటావు బాబూ" అనును. తల్లిదండ్రులలో వీలున్నవారు శనివారము మధ్యాహ్నము గ్రంథాలయమునకు వచ్చి వినగోరెదము. ఇంటిలోని పెద్దలను వెంటబెట్టుకొని వచ్చినచో మరియు మేలు.