చింతమొద్దు

మూడు రాష్ట్రాల పొలిమేరలు కలిసే చోట, శబరి ఒడ్డున ఉన్న ఊరు కొంటా. బస్తరు సీమలోని ఈ మూలన తెలుగు, హిందీ, దోర్లీ మాటలు కలిసి వినవస్తాయి. తెలుగువారి చింత హిందీవారికి ఇమ్లీ. పేరేదైనా, ఆ పండు అమ్మగా వచ్చే రొక్కమే ఎన్నో ఆదివాసీ కుటుంబాలకు వేసవి ఆధారం.

మాంసం కొట్టే మొద్దుకు కూడ చింతను మించిన కర్ర అరుదు. కూరగాయలకు కత్తిపీట చాలును. దాని వాదర కాయను తప్ప మరి దేనినీ తాకదు. ఎముకను కొట్టే కత్తికి మాత్రం కింద ఆనిక కావాలి. రాయి, ఇనుము, గాజు వాదరను మొండిచేస్తాయి. చింతమానును అడ్డంగా కోసి నిలబెడితే నారలు నిటారుగా ఉంటాయి. కత్తి వాటి నడుమ దిగుతుంది, తీసిన పిమ్మట అవి చాలవరకు దగ్గరవుతాయి. ప్లాస్టిక్ పలకకు ఆ గుణం లేదు. కత్తి తగిలినప్పుడల్లా దానినుండి సన్నని రేణువులు రాలుతాయని 2023లో అమెరికా పరిశోధకులు వెల్లడించారు. చింతమొద్దునైతే నీట నానబెట్టక, కడిగిన వెంటనే గాలికి ఆరనిస్తే ఏండ్ల తరబడి నిలుస్తుంది.

అయినా కాపుమీదున్న చెట్టును ఇందుకై కొట్టినవాడు మొద్దు ఒక్కటి సంపాదించి, బిడ్డల రాబడిని పోగొట్టుకొంటాడు. గాలివానకు విరిగిన కొమ్మో, కాపుడిగిన మానో దొరికేదాకా ఓపిక పట్టడమే మేలు.