రెండంగుళాలు

మా బాబాయ్‌ది చిక్కడపల్లిలో చిన్న కేటరింగ్. అశోక్ నగర్ హాస్టళ్లకి రెండు పూటలా భోజనం ఆయన టాటా ఏస్‌లోనే వెళ్తుంది. సాంబార్ డేగిసాలు, బియ్యం బస్తాలు, 19 కిలోల గ్యాస్ సిలిండర్లు (ఆ 19 లోపలి గ్యాస్ మాత్రమే, ఇనుము బరువు వేరే), అన్నీ నడుము ఎత్తుకి లేపి పెట్టాలి. డాక్టర్ బరువులు ఎత్తొద్దన్నాక బాబాయ్‌కి ఒక ఐడియా వచ్చింది. వెనకాల బండినే రెండంగుళాలు కిందికి దించేస్తే?

యూట్యూబ్ చూడమని నాకు చెప్పాడు. అమెరికాలో పికప్ ట్రక్కులని ఇలా దించుకోవడం పెద్ద సరదా. వంపు తక్కువున్న కమాన్ పట్టీలు వేస్తారు, షాకబ్జర్లు కూడా పొట్టివి పెడతారు. షాకబ్జర్లు ఎందుకు మార్చాలో నారాయణగూడలో మెకానిక్ పాతది ఒకటి చేతికిచ్చి చూపించాడు. బరువు మోసేది కమాన్. షాకబ్జర్ మోయదు, ఆ ఊగుడుని ఆపుతుంది, అంతే. లోపల నూనెలో పిస్టన్ ముందుకీ వెనక్కీ కదులుతుంది. బండిని దించి పాతదే ఉంచితే పిస్టన్ ముందే చాలావరకు లోపలికి పోయి ఉంటుంది. గుంతలో పడితే ఇంక కదలడానికి చోటుండదు, అడుక్కి కొట్టుకుంటుంది. ఫస్టియర్‌లో డ్యాంపింగ్ ఈక్వేషన్ బట్టీ కొట్టినవాళ్లందరం ఒక్కసారి ఆ జిడ్డు గొట్టాన్ని నొక్కి చూడాలి.

"ఒక పట్టీ తీసెయ్ భాయ్, అదే దిగుతది" అన్నాడు బాబాయ్.

"ఖాళీ బండి దిగుతది. లోడ్ ఎక్కినంక ఏడ కూసుంటది?"

నిజమే. పట్టీ తీస్తే ఎత్తు ఒక్కటే కాదు, బలమూ తగ్గుతుంది. నేను చూసిన వీడియోల్లో ఒక్క ట్రక్కులోనూ సాంబార్ లేదు. పైగా 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది, కంపెనీ ఇచ్చిన కొలతలని మన ఇష్టానికి మార్చకూడదు. రేపు ఏదైనా అయితే ఇన్సూరెన్స్ వాళ్లకి అదొక్కటి చాలు.

పొట్టి షాకబ్జర్ల రేటు మాత్రం బాబాయ్ అడగకుండా ఉండలేదు. మెకానిక్ చెప్పలేదు, పక్కనున్న వెల్డింగ్ షాపు చూపించాడు. అక్కడ ఇనుప మెట్టు ఒకటి చేయించాం. ఇప్పుడు డేగిసా ముందు మెట్టు మీద ఆగుతుంది, తర్వాత బండెక్కుతుంది. నడుము నొప్పి పోలేదు. ఎత్తడానికి ఒక కుర్రాణ్ణి పెట్టుకోమని పిన్ని అంటోంది. జీతం ఎంతివ్వగలనా అని బాబాయ్ హాస్టల్ బిల్లుల వెనక లెక్కలేస్తున్నాడు.