వంకర బాణం

బొల్లారం అనగానే చాలామందికి రాష్ట్రపతి నిలయం గుర్తొస్తుంది. అది సికింద్రాబాదు పక్కనున్న బొల్లారం. మాది అది కాదండీ. మియాపూరు దాటి, బాచుపల్లి మీదుగా వస్తే తగిలే మందుల ఫ్యాక్టరీల బొల్లారం. ఒకప్పుడు మెదక్ జిల్లా, 2016 నుంచి సంగారెడ్డి జిల్లా. కాపురానికొచ్చిన కొత్తలో మా పిన్ని, “ఏమే, రాష్ట్రపతిగారు మీ పక్కింట్లోనేనటగా!” అని ఉత్తరం రాసింది. పక్కింట్లో రాష్ట్రపతిగారు లేరు గానీ పక్క వీధిలో పొగగొట్టాలున్నాయి, రాత్రి పదయ్యేసరికి మనచేత కిటికీలు మూయించే వాసనొకటుంది అని జవాబు రాశాను.

నేనొచ్చింది 1988లో. అంతకు ముందు ఏడే రాజమండ్రిలో బి.ఎస్సీ. పూర్తిచేశాను. ఎమ్మెస్సీ కెమిస్ట్రీకి సీటు కూడా వచ్చింది. ఈలోగా ఈ సంబంధం వచ్చింది. “అబ్బాయి కెమిస్టేనమ్మా, ఇంటికి ఒక కెమిస్టు చాలదూ?” అన్నారు మా నాన్నగారు. ఆ రోజుల్లో ఆ మాట సబబుగానే వినిపించింది మరి! మోరిసన్ అండ్ బోయిడ్ పుస్తకం మాత్రం ట్రంకుపెట్టెలో పట్టుచీరల అడుగున నాతోపాటు బొల్లారం వచ్చింది. ఆ తరవాత ముప్ఫయ్యేడేళ్ళలో నన్ను కెమిస్ట్రీ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

మా కోడలిది కరీంనగర్. కంప్యూటరు చదువు. పాఠ్యపుస్తకాలకి పేజీలు తయారుచేసి పెట్టే ఒక కంపెనీలో ఉద్యోగం, అదీ ఇంట్లోంచే. పొద్దున్న తొమ్మిదింటికి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంటుంది. నేను టీ పట్టుకెళ్ళి బల్లమీద పెడతాను. “థాంక్స్ అత్తమ్మా” అంటుంది. “ఫరవాలేదమ్మా” అంటాను. మా ఇద్దరికీ గొడవలా? అబ్బే! గొడవ పడడానికైనా నాలుగు మాటలుండాలి కదండీ.

మొన్న శ్రావణమాసంలో ఒకరోజు సాయంత్రం టీ పట్టుకెళ్ళేసరికి ఆ పిల్ల తల పట్టుకుని కూర్చుంది. తెరమీద ఏదో రసాయనం బొమ్మ. దానిమీద ఒక వంకర బాణం ఎక్కడెక్కడికో పోతోంది.

“ఏమిటమ్మా అది?”

“బాణం అత్తమ్మా. ఇక్కడికెళ్ళి అక్కడికి వంగి పోవాలె. మాట వింటలేదు.”

మౌసు పట్టుకుని గీసెయ్యరాదూ, ఇంత బాధెందుకూ అన్నాను. నవ్వింది. గీయకూడదట, రాయాలట! అంటే బొమ్మని మాటల్లో చెప్పాలన్నమాట. ‘ఈ అక్షరం దగ్గర బయలుదేరు, ఎడమకి ఇంత వంగు, ఆ అక్షరం దగ్గర ఆగు’ అని రాస్తే కంప్యూటరు ఆ ప్రకారం గీస్తుంది. పేజీ సైజు మారినా, అక్షరం పెద్దది చేసినా, బాణం తన రెండు కొసల్నీ వదలదు. చేత్తో గీసినది అలా కాదు, అక్షరం ఒక అంగుళం జరిగిందంటే బాణం గాలిలో ఉండిపోతుంది.

ఈ పద్ధతి పుట్టుక కూడా ఆ పిల్లే చెప్పింది. 1977లో డొనాల్డ్ క్నూత్ అనే అమెరికా ప్రొఫెసరు తన పుస్తకం ప్రూఫులు చూసుకుని, అచ్చు అందంగా లేదని మనసు చివుక్కుమని, తనే పేజీలు పేర్చే కంప్యూటరు భాష ఒకటి తయారుచేసుకున్నాడట. అదే టెక్. (మనమైతే ప్రెస్సువాడిని నాలుగు తిట్టి ఊరుకుంటాం.) దానికి బొమ్మలు నేర్పినవాడు టిల్ టాంటౌ అనే జర్మను ఆయన. ఆ బొమ్మల భాష పేరు టిక్జ్. ‘ఇది బొమ్మలు గీసే ప్రోగ్రాము కాదు’ అనే అర్థం వచ్చే జర్మను వాక్యాన్ని పొట్టిచేస్తే ఆ పేరు వచ్చిందట. బజ్జీల బండికి ‘ఇచ్చట బజ్జీలు వేయబడవు’ అని బోర్డు కట్టినట్టు లేదూ!

వంపు ఎలా వస్తుందో చూస్తే నాకు భలే ముచ్చటేసింది. రెండు కొసలు కాక, కనబడని చుక్కలు మరో రెండు పెట్టాలట. గీత మొదటి చుక్కకేసి చూస్తూ బయలుదేరుతుంది, రెండో చుక్క వైపునుంచి వచ్చి ఆగుతుంది. ఆ చుక్కల్ని మటుకు తాకదు. 1960లలో ఫ్రాన్సులో రెనో కార్ల కంపెనీ ఇంజనీరు పియేర్ బెజియే కార్ల ఒంపులు గీయడానికి ఇది వాడి ప్రచారంలోకి తెచ్చాడట. “మెలికల ముగ్గులాగా!” అన్నాను. మనం రోజూ చేసేదదే కదండీ, చుక్క పెట్టి, చుక్కని తాకకుండా దానిచుట్టూ తిప్పుకురావడం. కోడలు ఒక్క క్షణం నా మొహంకేసి చూసింది. “అవు అత్తమ్మా, అట్లనే” అంది.

అప్పుడు చూశాను బొమ్మని సరిగ్గా. పారసిటమాల్ తయారీ అది. పారా అమైనో ఫీనాలు, ఎసిటిక్ ఎన్‌హైడ్రైడు కలిస్తే పారసిటమాల్ వస్తుంది, పక్కన పుల్లటి వెనిగర్ వాసనేసే ఎసిటిక్ ఆమ్లం మిగులుతుంది. నైట్రోజన్ నెత్తిన రెండు చుక్కలు, ఆవల ఎన్‌హైడ్రైడులో కార్బన్ పక్కన చిన్న ప్లస్ గుర్తు. బాణం ఆ కార్బన్ దగ్గర బయలుదేరి నైట్రోజన్ దగ్గరికి వస్తోంది.

“ఇది తిరగబడిందమ్మా” అన్నాను.

ఆ పిల్ల కొంచెం చిన్నబుచ్చుకుంది. తప్పు తనది కాదు పాపం. పుస్తకం రాసిన ఆయన పెన్సిలుతో గీసి పంపించారు, స్కానులో బాణం మొన ఎగిరిపోయింది. అడుగుతూ రెండు ఈమెయిళ్ళు పంపిస్తే జవాబు లేదు. ఆ రాత్రికి పేజీలు వెళ్ళిపోవాలి. “ప్లస్ ఉన్నది బలమైనదేమో, అదే పోయి పట్టుకుంటదేమో అనుకున్న” అంది.

కాదమ్మా అని కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆ వంకర బాణం అణువు నడిచే దారి కాదు, ఎలక్ట్రాన్ల జంట నడిచే దారి. నైట్రోజన్ నెత్తినున్న ఆ రెండు చుక్కలే జంట. ప్లస్ అంటే అక్కడ కొరత అన్నమాట. కొరతున్న ఇంటినుంచి పళ్ళెం బయలుదేరదు కదా! ఉన్నచోట తోక, లేనిచోట మొన. ఇది తిరగేస్తే డిగ్రీ చదివే పిల్లలు తప్పే బట్టీపట్టి, తప్పే పరీక్షలో రాస్తారు. ఈ మాటలన్నీ నా నోట్లోంచి ఎలా వచ్చాయో నాకే తెలీదు. ట్రంకుపెట్టె అడుగునుంచి వచ్చినట్టున్నాయి.

కోడలు రెండు పేర్లూ అటుదిటు చేసింది. బాణం తిరిగింది గానీ, ఇంతసేపూ పైన ఉన్న వంపు కాస్తా కిందికి దిగి పక్కనున్న అక్షరాల మీద పడింది. “మనం ఎడమకి వంగమన్నం కదా అత్తమ్మా, ఎడమంటే బయలుదేరినవాడి ఎడమ” అని వివరించింది. నిజమే, బొల్లారం నుంచి మియాపూరు వెళ్ళేటప్పుడు ఎడమచేతికొచ్చే కిరాణా కొట్టు తిరిగొచ్చేటప్పుడు కుడిచేతికి రాదూ? ఎడమని కుడి చేసింది. అయినా తెరమీద బాణం ఎక్కడో మూల వేలాడుతోంది! రెండోసారి నడపాలట. మొదటిసారి ఏ అక్షరం ఎక్కడ కూర్చుందో రాసుకుంటుంది, రెండోసారి ఆ లెక్క చూసుకుని బాణం గీస్తుంది. రెండోసారి నొక్కింది. నైట్రోజన్ చుక్కల దగ్గర బయలుదేరి, పైకి లేచి, కార్బన్ మీద మెత్తగా వాలింది. ఇద్దరం ఒకేసారి “ఆఁ!” అన్నాం.

ఆ రాత్రి నిద్రపట్టక ఫోనులో ఈ బాణం ఎవరిదా అని వెతికాను. 1922లో కెర్మాక్, రాబిన్సన్ అనే ఇద్దరు మొదటిసారి దీన్ని అచ్చులో వేశారు. రాబిన్సన్‌కి 1947లో నోబెల్ బహుమతి వచ్చింది. కెర్మాక్ సంగతి వేరు. 1924లో ఎడింబరో లేబరేటరీలో ఒక సాయంత్రం ఒంటరిగా పనిచేస్తుంటే పేలుడు జరిగి, కాస్టిక్ క్షారం కళ్ళలో పడి చూపు మొత్తం పోయింది. అప్పటికి ఇరవయ్యారేళ్ళు. ఆయన పని మానలేదు. మన దేశంలో పనిచేసి వెళ్ళిన మెక్‌కెండ్రిక్ అనే డాక్టరుతో కలిసి 1927లో అంటువ్యాధులు ఎలా పెరుగుతాయో, ఎలా తగ్గుతాయో లెక్క కట్టాడు. అందులో బొంబాయి ప్లేగు అంకెలు కూడా ఉన్నాయి. కరోనా రోజుల్లో కేసుల లెక్కలు కట్టినవాళ్ళకి మూలపాఠం ఆ కాగితమే.

చదువుతుంటే నా చేతులు చల్లబడ్డాయి. ఎందుకంటే మా ఇంట్లోనూ ఒక రాత్రి ఉంది. 1996లో మావారు రాత్రి షిఫ్టులో ఉండగా కాస్టిక్ ద్రావణం చింది ఎడమకంట్లో పడింది. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకున్నారట, చెమట పడుతోందని. తోటివాళ్ళు చాలాసేపు కుళాయి కింద పట్టుకోబట్టి సరిపోయింది. మూడు రోజులు కట్టు. కట్టు ఉన్న ఆ మనిషిని, “అసలు ఏం చేస్తుంటే చిందింది? దేంట్లో పోస్తున్నారు?” అని అడిగాను. “నీకెందుకులే అవన్నీ” అన్నారు. కోపంగా కాదు, మామూలుగానే. కన్ను బాగయింది, ఇప్పటికీ చలిగాలికి నీరు కారుతుంది, అంతే. ఆ మాట మాత్రం నాలో ఉండిపోయింది. మళ్ళీ ఎన్నడూ అడగలేదు.

మర్నాడు ఆదివారం. అయినా కోడలు లాప్‌టాప్ పట్టుకుని హాల్లోకే వచ్చేసింది. అదే చర్యలో చివరి మెట్టు మిగిలిందట. నైట్రోజన్ మీద అదనంగా ఉన్న హైడ్రోజన్‌ని ఎసిటేటు పట్టుకుపోవాలి. నేను ధీమాగా, “హైడ్రోజన్ దగ్గర మొదలుపెట్టి ఎసిటేటు దాకా గీసెయ్యమ్మా” అన్నాను.

పేపరు వెనకనుంచి మావారి గొంతు వినిపించింది. “అలా కాదోయ్. పోయేది హైడ్రోజనే, కానీ బాణం దాన్ది కాదుగా. ఎసిటేటు ఆక్సిజన్ జంట నుంచి హైడ్రోజన్‌కి ఒకటి. నైట్రోజన్‌కీ హైడ్రోజన్‌కీ మధ్య గీతలోంచి నైట్రోజన్ మీదికి ఇంకొకటి. రెండు గియ్యాలి.”

నిన్న కోడలికి నేను చెప్పిన పాఠమే నాకు! చుర్రుమంది గానీ, ఆయన చెప్పిందే రైటు. “మరి ఆ గీతలో జంట నైట్రోజన్‌కే ఎందుకు వెళ్ళాలి?” అని అడిగాను. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. కళ్ళజోడు సర్దుకుని, ఆ పేపరు అంచునే బొమ్మ వేసి చెప్పడం మొదలుపెట్టారు. నైట్రోజన్‌కి ప్లస్ ఉంది కాబట్టి అని నేను అడ్డుపడితే, “ఊఁ, అదీ” అన్నారు. పావుగంట వాదించుకున్నాం. కోడలు మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తూ, చెప్పినవి చెప్పినట్టు రాసుకుంటూ, రెండేసిసార్లు నడుపుతూ పోయింది.

“అయిందా?” అన్నాను.

“ఇది అయింది. ఇంక నలభై రెండు ఉన్నయ్ అత్తమ్మా. మీరు కూసోరి.”

“నేను కూర్చుంటే టీ ఎవరు పెడతారే?”

మావారు లేచి వంటింట్లోకి వెళ్ళారు. పంచదార డబ్బా ఎక్కడుందో అడగడానికి రెండు నిమిషాల్లో తిరిగొచ్చారు.