గడప కింద అణా

మా ఇంటి గడప ఎత్తు నాలుగున్నర అంగుళాలు. ముప్పై ఆరేళ్ళుగా రోజుకి పదిసార్లు దాటుతున్నా ఈ సంగతి నాకు తెలీదు. బాపుకి పక్షవాతం వచ్చి, చక్రాల కుర్చీ ఇంటికొచ్చిన రోజు టేపు పెట్టి కొలిచాను.

చక్రాల కుర్చీ వెళ్ళే వాలుకి ఒక లెక్కుంది: అంగుళం ఎత్తుకి పన్నెండు అంగుళాల పొడవు. అంటే గడపకి ఇటు నాలుగున్నర అడుగులు, అటు నాలుగున్నర అడుగులు కావాలి. ఇటు హాల్లో బాపు మంచం. అటు గౌలిపురా గల్లీ, అందులో పక్కింటివాళ్ళ యాక్టివా. ఫిజియోథెరపీకి వెళ్ళాల్సిన ప్రతిసారీ నేనూ, పక్కింటబ్బాయీ కుర్చీని పల్లకీలా ఎత్తి దాటించేవాళ్ళం. గడప తీసేద్దామన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. శుక్రవారం శుక్రవారం పసుపు రాసి బొట్లు పెట్టే గడప మరి.

"మీ బాపు నడుస్తడు. నడిచినంక మళ్ల గడప యాడికెల్లి తెస్తవ్?"

ఆవిడ అడుగుతున్నది గడప గురించి కాదని నాకు తెలుసు. డాక్టర్ని ఆ ప్రశ్న సూటిగా అడిగే ధైర్యం నాకూ లేకపోయింది. పోయిన వారం కుర్చీ ఒరిగి బాపు మోచెయ్యి కొట్టుకుపోయాక, ఆవిడే "పిలు మేస్త్రీని" అంది.

శనివారం. ఐదున్నరకి షుగర్ చూడటం, ఒళ్ళు తుడవటం, పక్క మార్చటం, రాగిజావ చెంచాతో పట్టటం. జావ పల్చగా ఉంటే పొలమారుతుంది, చిక్కగా ఉంటే ఉమ్మేస్తాడు; ఆ మధ్యలో ఎక్కడో ఒక చిక్కదనం ఉంది, అది అమ్మ చేతికే తెలుసు. ఆ వారం ఆఫీసులో ఆన్-కాల్ నాది. ల్యాప్‌టాప్ ఫ్రిజ్ మీద పెట్టుకుని, సర్వర్ ఏడ్చినప్పుడల్లా నిలబడే సముదాయించాను. తొమ్మిదికి వస్తానన్న మేస్త్రీ పదకొండున్నరకి వచ్చాడు.

కర్ర గడప కోసి తీశాక కింద రాయి కదిలించాడు. "సార్, ఏదో ఉంది" అన్నాడు. ద్వారబంధం నిలబెట్టేటప్పుడు కింద నాణేలు, నవధాన్యాలు వెయ్యటం ఆనవాయితీ. మా తాత కూడా వేశాడన్నమాట. ధాన్యం, గుడ్డ అన్నీ మట్టిలో కలిసిపోయాయి. రెండు నాణేలు మిగిలాయి. ఒకటి నలుచదరం, ఒకటి గుండ్రం, నడుమ బొక్క.

"బంగారం కాదా?" అన్నాడు మేస్త్రీ. కాదు, కంచు. నలుచదరంది అణా, బొక్కది రెండు పైలు. చింతపండు పెట్టి తోమితే తేదీ బయటపడింది. మా గల్లీలో పెరిగినవాడికి ఉర్దూ అంకెలు రాకపోతే సిగ్గుచేటు: హిజ్రీ 1362. అంటే 1943.

హైదరాబాద్‌కి సొంత డబ్బుండేది, హాలీ సిక్కా. బ్రిటిష్ రూపాయిని ఇక్కడ కల్దార్ అనేవాళ్ళు. సుమారు ఏడు హాలీ రూపాయలిస్తే ఆరు కల్దార్లు వచ్చేవి. సంస్థానం 1948లో పోయినా ఈ డబ్బు 1959 దాకా చెల్లింది. వెండి రూపాయి మీద చార్మినార్ ఉంటుంది, దాని వాకిట్లో ఒక అక్షరం: ఆరో నిజాం మహబూబ్ అలీ కాలంలో 'మీమ్', ఏడో నిజాం ఉస్మాన్ అలీ కాలంలో 'ఐన్'. ఇంటి వాకిట్లో పేరు రాసుకున్నట్టు. మా తాతకి వెండి వేసే స్తోమత లేదు లెండి.

కడిగిన నాణేలు తీసుకెళ్ళి బాపు ఎడమ చేతిలో పెట్టాను. స్ట్రోక్ వచ్చాక ఆయన దేనికైనా "అదే, అదే" అనే అంటాడు. నీళ్ళకీ అదే, నొప్పికీ అదే. అలవాటైన వరసలు చెప్పించి చూడమంది స్పీచ్ థెరపిస్ట్. ఒకట్లూ, వారాలూ అన్నీ ప్రయత్నించాం. అదే, అదే.

నలుచదరం బిళ్ళని బొటనవేలితో తడిమాడు. చాలాసేపు. తర్వాత, నత్తిగా, కానీ ఆగకుండా:

"కాణీ... అర్ధణా... అణా... బేడ... పావలా... అర్ధ... రూపాయి."

అమ్మ వంటింట్లోంచి చెయ్యి కడుక్కోకుండా వచ్చింది. పత్తర్‌గట్టీలో బట్టల దుకాణానికి ముప్పై ఏళ్ళు లెక్కలు రాసిన మనిషి. కాణీ రూపాయిలో అరవై నాలుగో వంతు, అక్కణ్ణించి ప్రతి మెట్టూ రెండింతలు. నేను జీతం తెచ్చుకునే లెక్కా అదే. ఇంకోసారి చెప్పమన్నాను. "అదే" అన్నాడు.

మేస్త్రీకి ఇదేం పట్టలేదు, సిమెంటు గట్టిపడిపోతోంది. పాత అణాతో పాటు ఈ కాలం పైసలు కూడా వెయ్యాలంది అమ్మ. ఇంట్లో చూస్తే ఒక్క నాణెం లేదు. పాలు, కూర, ఆటో, చివరికి గుళ్ళో హుండీ, అన్నీ ఫోన్‌తోనే. డబ్బాలు, సొరుగులు, పోపుల పెట్టె వెతికాను. ఆఖరికి తలుపు వెనక మేకుకి వేలాడుతున్న బాపు చొక్కా జేబులో చెయ్యి పెడితే తగిలాయి. ఒక ఐదు, ఒక రెండు. పడిపోయిన రోజు పొద్దున పాలు కొన్నాక మిగిలిన చిల్లర. ఆ చొక్కా అమ్మ రెండు నెలలుగా ఉతకలేదు.

"దాన్నెందుకు ముట్టినవ్?" అంది. కాసేపాగి, ఐదు రూపాయల బిళ్ళ తీసుకుంది. రెండు తిరిగి జేబులోనే వెయ్యమంది.

అణా, ఐదు రూపాయలు మట్టిలోకి వెళ్ళాయి. బొక్క పైసని మాత్రం బాపు వదల్లేదు. నిద్దట్లో నోట్లో పెట్టుకుంటాడేమోనని నా భయం. అమ్మ నల్లదారం ఎక్కించి, చిన్నపిల్లల మొలకి కట్టినట్టు, ఆయన మణికట్టుకి కట్టింది. నేలతో సమంగా షాబాద్ బండ పరిచి, "రేపటిదాకా తొక్కద్దు" అని మేస్త్రీ వెళ్ళిపోయాడు. డబ్బులు ఫోన్‌పేలోనే.

మర్నాడు సాయంత్రం చూస్తే బండకి పసుపు రాసి, బొట్లు పెట్టి ఉన్నాయి. బాపు కుర్చీ తోసుకుంటూ వచ్చి, నాలుగున్నర అంగుళాలు కాలెత్తి దాటాను.