అద్దె ఇవ్వని కాపురం

పెరట్లో కాయ కాయించడం ఒక ఎత్తు, కాసినదాన్ని మన నోటిదాకా తెచ్చుకోవడం మరొక ఎత్తు. దొడ్డి ఉన్నవారందరికీ ఇది తెలిసిన సంగతే. ఉడతకు కొంత, చిలకకు కొంత, ఎలుకకు కొంత పోగా మిగిలినది యజమానిది. ఆ లెక్కకు మేము ఏనాడో అలవాటు పడ్డాము. కాని 2018లో మా ఇంట చేరిన భాగస్థుడు మాత్రం మొత్తం తానే పట్టుకుపోజూచాడు. ఆ సంగతి చెప్పుకుంటే, మావంటివారు ఒకరిద్దరికైనా అక్కరకు రాకపోదని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మాది హోసూరు. తాతల నాటి పెంకుటిల్లు. వెనక దొడ్డిలో రెండు బొప్పాయి చెట్లు, ఒక జామ, ఒక సపోటా, ఎనిమిది కోళ్ళు. ఇంట్లో మేమిద్దరం, మా అబ్బాయి, మా అవ్వ. ఒకప్పుడు మా వీధి చివర చింతతోపు ఉండేది. బెంగుళూరు ఇటువైపు పెరిగింది, కార్ఖానాలు వచ్చినవి, తోపులు లేఅవుట్లయినవి. ఆ చెట్ల మీద కాపురమున్న జీవాలు ఎక్కడికి పోవాలో ఎవరూ ఆలోచించలేదు. మేమూ ఆలోచించలేదు.

మొదట బొప్పాయిలు పోయినవి. రేపు కోద్దామనుకున్న పండు తెల్లవారేసరికి చెట్టున ఉండేది కాదు. అంత పొద్దున్నే మా దొడ్డివాకిట్లోకి వచ్చేది పాలు పోసే కుర్రవాడొక్కడే. ఒకనాడు ఉండబట్టలేక, "ఏమయ్యా, పండు తియ్యగా ఉందా?" అన్నాము. వాడు మారు మాట్లాడలేదు. మర్నాటి నుంచి పాలు వీధి గుమ్మం దగ్గరే పెట్టి పోసాగాడు.

వారం తిరక్కుండా గోడ మీద బొప్పాయి గింజలు, జామ గింజలు నిండిన మలం కనబడింది. మా అవ్వ కర్ర ఊతగా వచ్చి చూచి, "ఇది మనిషి పని కాదురా నాయనా, మానుపిల్లి పని. చూడు, గింజలు ఎట్లున్నవి అట్లే ఉండాయి" అన్నది. ఆ కుర్రవానికి ముఖం ఎట్లా చూపించాలో తోచక ఊరకున్నాము. ఇది మా మొదటి తప్పు.

మానుపిల్లిని మా పక్కింటి తమిళులు మరనాయ్ అంటారు. మనం పిల్లి అన్నాము, వారు కుక్క అన్నారు. నిజానికది రెండూ కాదు. పునుగుపిల్లి వంశంలోనిది. పెద్ద పిల్లియంత ఒళ్ళు, దాదాపు ఒంటి పొడుగు తోక, కళ్ళ చుట్టూ ముసుగు వేసినట్లు నల్లటి మచ్చ. పగలంతా నిద్ర, రాత్రంతా సంచారం. పళ్ళు దానికి ముఖ్యాహారం. ఎలుకలు, పురుగులు, బల్లులు కూడా తింటుంది. తాటిచెట్టెక్కి కల్లు ముంతలో మూతి పెడుతుంది గనుక ఇంగ్లీషువారు దానికి టాడీ క్యాట్ అని పేరు పెట్టారు. తిరుమల శ్రీవారి సేవకు వాడే పునుగు ఈ వంశపుదేనని మా అవ్వకు దానిమీద కొంచెం భక్తి. అయితే ఆ పరిమళానికి పేరుపడ్డది నేల మీద తిరిగే చిన్న పునుగుపిల్లి. మా అతిథి చెట్లెక్కే మరొక జాతిది.

భక్తి ఎంత ఉన్నా, ఒకనాటి ఉదయం గూటిలో రెండు పెట్టలు చచ్చి పడి ఉండగా చూచిన తరువాత అవ్వ కూడా మాట్లాడలేదు. అప్పటికే రాత్రిళ్ళు అటక మీద ధన్ ధన్ మని చప్పుళ్ళు మొదలైనవి. దొంగ మా నెత్తినే కాపురం పెట్టినాడన్నమాట!

ఇక వైద్యాలు మొదలు. మిరపకాయల పొగ వేశాము. మేమే దగ్గి బయటపడ్డాము. రాత్రంతా దీపం పెట్టాము, రేడియో మోగించాము. మూడు రాత్రులు భయపడింది, నాలుగవ రాత్రి ఆ పాటలు వింటూనే జామపండు తిన్నది. ఒక పెద్దమనిషి అరటిపండులో విషం పెట్టమన్నాడు. ఆ పండు కాకి తినవచ్చు, మా పిల్లి తినవచ్చు, వీధిలో ఏ పసివాడైనా ముట్టవచ్చు. పైగా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని చంపడమూ, పట్టడమూ నేరం. ఆ మాట వద్దన్నాము.

వద్దన్నందుకు మమ్మల్ని మేమే మెచ్చుకుని, అంతకంటె తెలివైన పని చేశాము. 2019 ఫిబ్రవరిలో ఒక రాత్రి పొంచి ఉండి, అది చూరు దగ్గరి కంతలోంచి బయటకు వెళ్ళగానే నిచ్చెన వేసి, రేకు కొట్టి కంత మూసేశాము. చంపలేదు, కొట్టలేదు, ఇల్లు మాత్రం ఖాళీ చేయించామని సంబరపడ్డాము.

ఆ రాత్రి రెండు గంటలకు పెంకుల మీద గీకుడు. తెల్లవారేదాకా ఆగలేదు. మొండిదనుకున్నాము. రెండవ రాత్రీ అంతే. అటక మీద సన్నగా కీచుమంటుంటే ఎలుకలనుకున్నాము. మూడవనాటి తెల్లవారుజామున అవ్వ మమ్మల్ని లేపి, "ఒరే, అది ఎలుక కాదురా. పిల్లలున్న ఇంటికి తాళమేసి తల్లిని వీధిలో నిలబెట్టినామురా" అన్నది.

మా అబ్బాయి పైకెక్కి పెంకులు తీశాడు. దూలం మూలన కొబ్బరిపీచు మీద మూడు కూనలు. రెండు కదులుతున్నాయి. మూడవది కదలడం లేదు. రేకు ఊడబీకి, నిచ్చెన తీసి, అందరం లోపలికి వచ్చి తలుపు వేసుకున్నాము. ఆ రాత్రి తల్లి వచ్చి, ఒక్కొక్కదాన్నే మెడ పట్టుకుని గోడ వెంట తీసుకుపోయింది. రెండుసార్లు వెళ్ళింది. మూడవసారి వచ్చి చాలాసేపు వెతికింది. మూడవదాన్ని మేము ఆ ఉదయమే జామచెట్టు కింద పూడ్చిపెట్టాము. అవ్వ ఆనాడు అన్నం ముట్టలేదు. మా రెండు పెట్టలకూ బదులు తీరిందని ఎవరికీ అనిపించలేదు.

తరువాత నిదానంగా కూర్చుని ఆలోచిస్తే, చేయవలసిన పని దాని మీద కాదు, మా ఇంటి మీద అని తెలిసింది. కోళ్ళ గూటికి ముందున్న పలచని వలను అది చించగలదు. అది తీసి అరంగుళం కన్నుల గట్టి వెల్డ్ మెష్ వేశాము. పందికొక్కులు తవ్వకుండా దాన్ని అడుగు లోతు భూమిలోకి దించాము. తలుపుకు రెండు గడియలు. పొద్దు వాలగానే కోళ్ళను లెక్కపెట్టి మూయడం మా అబ్బాయి వంతు. బొప్పాయి బోదెకు ఆరడుగుల ఎత్తున రెండడుగుల వెడల్పు రేకు చుట్టాము. చెట్టు లావెక్కడానికి వీలుగా వదులుగా చుట్టాలి. పక్క చెట్టు కొమ్మో, గోడో అందేటట్లుంటే రేకు వృథా. అందుకే ఇంటికప్పు మీదికి వాలిన సపోటా కొమ్మలు కూడా కొట్టించాము. కాయ మీద పసుపు చార రాగానే కోసి ఇంట్లో గడ్డిలో మాగవేస్తున్నాము. ఎంగిలి, కోళ్ళ మేత రాత్రి బయట ఉంచము.

కంత మూయడానికి ముందు చేయవలసినది మరొకటి ఉన్నది. కంతలో ఎండుగడ్డి వదులుగా కూరి చూడాలి. రెండు మూడు రాత్రులు అది కదలకుండా ఉండి, లోపల ఏ చప్పుడూ లేకుంటేనే ఎవరూ లేరని అర్థం. అప్పుడు మూయాలి. ఈ ఒక్క మాట ముందు తెలిసి ఉంటే జామచెట్టు కింద ఆ గుంట ఉండేది కాదు.

టొరంటోలో ఉన్న మా మేనల్లునితో ఫోనులో ఇదంతా చెబితే నవ్వాడు. అక్కడ రకూన్ అనే జంతువుతో ఇదే గొడవట. దానికీ కళ్ళకు నల్ల ముసుగే. ముందు కాళ్ళను చేతుల్లాగా వాడుతుంది. 2016లో ఆ నగరంవారు దానికి తెరచుకోని గడియలతో చెత్తబుట్టలు ఇంటింటికీ ఇవ్వసాగారు; కొన్ని రకూన్లు వాటినీ తెరవడం నేర్చుకున్నవట! తెలివి మనకొక్కరికే దేవుడు పంచిపెట్టలేదు.

రేకు కట్టిన తరువాత చేతికి వచ్చిన మొదటి పండు పాలు పోసే కుర్రవానికి ఇచ్చి, జరిగినది చెప్పి, తప్పయిందన్నాము. వాడు పండు తీసుకుని, "నాకు అప్పుడే తెలుసమ్మా. రోజూ చీకటితో గోడ మీద దాన్ని చూస్తూనే ఉంటిని" అన్నాడు.

"మరి చెప్పలేదేమయ్యా?"

"మీరు అడగలేదు కదమ్మా, అన్నారు."

మర్నాటి నుంచి పాలు మళ్ళీ దొడ్డివాకిట్లోకే వస్తున్నవి. ఆ తరువాత మా కోళ్ళు ఒక్కటీ పోలేదు. జామచెట్టు పైకొమ్మల పళ్ళు మాత్రం కోయడం మానుకున్నాము. రాత్రి ఎవరో వచ్చి తింటున్నట్లు గోడ మీది గింజలు చెబుతున్నవి. బళ్ళారిలోనో బరంపురంలోనో మావంటి పెంకుటిళ్ళలో ఉన్న సోదరీ సోదరులు తామెట్లా నెగ్గుకొస్తున్నారో ఈ పత్రికకు వ్రాస్తే మేమూ నేర్చుకుంటాము.